అన్న ఒంట్లో నేస్తం నెత్తురు

మా అన్న చనిపోయిన రోజు మధ్యాహ్నం, ఆయన నేస్తాన్ని మా మనుషులు ఏనుగు స్తంభానికి కట్టి, రాయితో ముందుపళ్ళు రాలగొట్టారు. అన్న శవం ఇంకా లోపలి చావడిలోనే ఉంది. పాడెకు వెదురు కొట్టుకు రావాల్సినవాళ్ళు ఆ పని మానేసి, అవే గొడ్డళ్ళు పట్టుకుని ఆ స్తంభం చుట్టూ నిలబడ్డారు.

మాది బస్తరు సంస్థానం. పామేడు వైపు తెలుగు మాట్లాడే ఊళ్ళలో మా ఊరొకటి. ఒకప్పుడు చుట్టూ కనిపించే ఊళ్ళన్నీ మా ఇంటికి శిస్తు కట్టినవే. నేను పుట్టేనాటికి అడవిని సంస్థానం తీసేసుకుంది, శిస్తు వసూలు కూడా తీసేసుకుంది. పెంకులు జారిన ఇల్లు, కొన్ని పొలాలు, 'దొర' అనే పిలుపు మిగిలాయి. ఏనుగు మా తాత కాలంలోనే పోయింది. దాన్ని కట్టేసిన మద్ది స్తంభం మాత్రం వాకిట్లో అలాగే ఉండేది. గొలుసు ఒరుసుకుని నడిమి భాగం సన్నబడి ఉండేది. ఆ సన్నని చోటే ఆ మనిషిని కట్టారు.

తన నెత్తురు ఎక్కించి మా అన్నను చంపాడని ఆయన మీద వేసిన నేరం. చేతబడి నేరం. చేతబడి చేసేవాడికి ముందు పళ్ళు రాలగొడతారు, మంత్రం నోట పలకకుండా. ఆ తర్వాత గొడ్డలి. ఆ రెండింటికీ మధ్య ఎక్కువ సమయం ఉండదు.

ఆ నెత్తురు అన్న ఒంట్లోకి ఎలా వచ్చిందో మొదటినుంచి చెప్పాలి.

ఆయనది బాసగూడ అవతల చిన్న ఊరు. కొంచెం చేను చేసుకుంటూ, ఇప్పపువ్వు ఏరుకుంటూ బతికే ఇల్లు. బజారు రోజుల్లో మాత్రం పందెం పుంజుల కాళ్ళకు కత్తులు కట్టేవాడు. ఆ పని అందరికీ రాదు. దారం బిగువు ఎక్కువైతే పుంజు కుంటుతుంది. వదులైతే కత్తి తిరిగి దాని పొట్టలోనే దిగుతుంది. మంచి చేయి అని పేరున్నవాడి దగ్గరకే అందరూ పుంజును పట్టుకొస్తారు. చేతబడి అనుమానం ఉన్నవాణ్ణి మాత్రం కత్తి ముట్టనివ్వరు. మా వైపు బరి దగ్గర అది పాత కట్టడి.

రెండో ప్రపంచ యుద్ధం ఇంకా సాగుతున్న రోజులవి. అన్నకు అప్పటికే నాన్న స్థానం వచ్చింది. నేను ఆయన కంటే నాలుగైదేళ్ళు చిన్న. బాసగూడ బజారులో పందేలు చూడటానికి ఇద్దరం వెళ్ళాం. అందరూ బరి గట్టుకు వెనక నిలబడితే, అన్న గట్టు దాటి ఒక అడుగు లోపల నిలబడేవాడు. దొరను జరగమని ఎవరూ అనరు. ఆ కత్తి కట్టేవాడు మాత్రం అన్నాడు.

"ఎనక్కి జరుగు దొరా. పుంజుకు దొర ఎవడో, కూలోడు ఎవడో ఎరికుండదు."

"నీ పుంజుకు నన్ను సూపెట్టు, తెలుసుకుంటది," అన్నాడు అన్న. జనం నవ్వారు.

పుంజులు ఎగిరాయి. రెండో ఎగురులో ఒకటి పక్కకు విసిరినట్టు వచ్చి అన్న తొడ మీద పడింది. అది దిగేటప్పుడు కత్తి గజ్జల దగ్గర నుంచి కిందికి చీరింది. పంచె ఒక్క క్షణం తెల్లగానే ఉంది. తర్వాత నెత్తురు చిమ్మి నా మొహం మీద పడింది, వేడిగా. అన్న కింద కూర్చున్నాడు. పడిపోలేదు, కూర్చున్నాడు. ఆ కత్తి కట్టేవాడు బరిలోకి దూకి, మొదట ఆ పుంజు మెడ మెలేసి పారేశాడు. తర్వాత తన తలపాగా విప్పి అన్న తొడకు చుట్టి, మోకాలు ఆనించి బిగించాడు. అన్న అరిచిన అరుపు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

మంచం మీద వేసుకుని పరుగెత్తాం. బండి బాట పక్కన ఒక డాక్టరు సొంతంగా చిన్న దవాఖానా పెట్టుకుని ఉండేవాడు. గోదావరి ఒడ్డు మనిషి. పట్టాళంలో పనిచేసి, గాయమై, ఇంటికి పోకుండా మా అడవిలోకి వచ్చి పడ్డాడు. పట్టాళంలో నేర్చిన విద్య ఆయన చేతిలో ఉండేది. సీసాలూ, రబ్బరు గొట్టాలూ, నెత్తురు గడ్డకట్టకుండా కలిపే మందూ కూడా వెంట తెచ్చుకున్నాడు.

అప్పటికి అమ్మ, మా చిన్నాయన కబురు విని వచ్చారు. చిన్నాయన మా నాన్నకు తమ్ముడు. అన్న చిన్నగా ఉన్నప్పుడు ఇల్లు ఆయనే నడిపాడు, ఆ నడిపించడం ఆయనకు వదలలేదు. డాక్టరు గాయం కుట్టి, మొహం తుడుచుకుంటూ బయటకు వచ్చాడు.

"కుట్టానండి. కానీ ఒంట్లో నెత్తురు మిగల్లేదు. ఎవరిదైనా ఎక్కించాలి."

"మా ఇంటోళ్ళం ఉన్నం గద," అన్నాడు చిన్నాయన, చేయి చాపి.

డాక్టరు అమ్మదీ, చిన్నాయనదీ, నాదీ తలా ఒక చుక్క తీశాడు. అన్న నెత్తురు మీద తేరుకున్న పసుపు నీటిని గాజు పలక మీద వేసి, మా చుక్కలు ఒక్కొక్కటే అందులో కలిపాడు. మూడూ గడ్డలు కట్టాయి, విరిగిన పాలలాగా. కిటికీ వెలుగుకు పలక ఎత్తి మాకు చూపించాడు.

"ఏందయ్యా ఇది? నా అన్న కొడుక్కు నా నెత్తురు పడదా?"

"పడదండి. పలక మీద ఎలా గడ్డకట్టిందో లోపల కూడా అలాగే చేస్తుంది. మనిషి పోతాడు."

"మాది ఒకటే వంశం!"

"వంశం ఒకటేనండి. నెత్తురు రకాలు వేరు. అన్నదమ్ములకే కలవదు ఒక్కోసారి."

చిన్నాయన మొహం నల్లబడింది. మా ఇంట్లో వంశం అన్న మాట మీదే అన్నీ నడిచాయి. పెళ్ళిళ్ళు, పంతాలు, హత్యలు కూడా. ఒక గాజు ముక్క వచ్చి ఆ మాటను విరగ్గొడితే ఆయన ఎలా తట్టుకుంటాడు?

వాకిట్లో నిలబడ్డ కత్తి కట్టేవాడు లోపలికి వచ్చాడు. మోచేతుల దాకా అన్న నెత్తురు ఎండి ఉంది.

"నాది సూడు సాబ్. నేను కత్తి కట్టిన పుంజు తీసిన నెత్తురు, నేనే పోస్త."

ఆయన చుక్క గడ్డకట్టలేదు. పలక మీద నున్నగా, ఎర్రగా నిలిచింది.

చిన్నాయన గట్టిగా నవ్వాడు, ఆ నవ్వులో నవ్వు లేదు. "కోళ్ళకు కత్తులు కట్టేటోని నెత్తురు దొర ఒంట్లకా? రేపు మా పిలగాడు ఇంటి కొప్పు మీద కూసుని కొక్కొరొకో అంటడు."

మంచం మీద అన్న కళ్ళు తెరవకుండానే అన్నాడు: "మంచిదే చిన్నాయనా. పొద్దుగాల్నే లేస్త."

అలా ఆ నెత్తురు అన్న ఒంట్లోకి వెళ్ళింది. ఏ వికారమూ చేయలేదు. తెల్లారేసరికి పెదవులకు రంగు వచ్చింది. వర్షాలు మొదలయ్యే వేళకు అన్న పొలం గట్ల మీద తిరిగాడు.

కోలుకున్నాక అన్న ఆయనతో నేస్తం కట్టుకున్నాడు. మా వైపు అది మాటవరసకు అనే స్నేహం కాదు. పదిమంది ముందు ఒకరి చెవిలో ఒకరు పువ్వు పెట్టుకోవాలి, ఒకరి ఆకు డొప్పలోని ఇప్పసారా మరొకరు తాగాలి, కొత్త బియ్యం నాలుక మీద వేసుకోవాలి. ఆ తర్వాత జీవితాంతం ఒకరి పేరు ఒకరు పలకకూడదు. 'నేస్తం' అనే పిలవాలి. ఒకరింట్లో చావు జరిగితే రెండో ఇంటికీ మైల. నేస్తాన్ని అనుమానించడం తల్లిని అనుమానించినంత తప్పు. ఆ రోజు చిన్నాయన రాలేదు. తలనొప్పి అన్నాడు. అన్న డొప్ప ఎత్తి, "ఇగ సుట్టరికం కొత్తగ కట్టేదేంది, నెత్తురు ముందే కలిసె," అన్నాడు. జనం కేకలు వేశారు.

ఆ ఏడాది ఇంకా తిరగకముందే గొడ్డలి వచ్చింది.

మా పొలాల వెనక కొండవాలులో మా ఇలవేల్పు చెట్లు ఉండేవి. అడవి సంస్థానానిదైనా ఆ నాలుగు చెట్ల మీద గొడ్డలి పడకూడదన్నది వాడుక. పైనుంచి వచ్చి అడవిని గుత్తకు తీసుకున్న ఒక ఠేకేదారు మనుషులు ఆ వాలు మీద టేకు నరుకుతూ నరుకుతూ ఆ చెట్ల దాకా వచ్చారు. అన్నకు కబురు అందింది. నేనూ, నేస్తమూ, ఇంకొందరమూ వెంట వెళ్ళాం.

అన్న వాళ్ళతో బేరం ఆడలేదు, బతిమాలలేదు. గొడ్డలి ఎత్తినవాడి దగ్గరకు నడిచి వెళ్ళి చెంప మీద కొట్టాడు. అంతే. ఆ మనిషి గొడ్డలి దించలేదు, తిప్పాడు. అది అన్న తుంటి మీద దిగింది. లోపల ఎముకకు తగిలిన చప్పుడు నాకు వినిపించింది, పచ్చి కట్టెను కొట్టినట్టు. తర్వాత ఎవరు ఎవర్ని కొట్టారో చెప్పలేను. నేస్తం ఆ గొడ్డలి మనిషి చేతి వేళ్ళు బండ మీద పెట్టి రాయితో నలగ్గొట్టాడు. నేను ఒకడి మీద కూర్చుని వాడు కదలడం మానేదాకా గుద్దాను. వాడు చావలేదని తర్వాత తెలిసింది. ఠేకేదారు మనుషులు రంపాలు వదిలి పారిపోయారు. ఆ చెట్లు ఆ రోజుకు నిలిచాయి. అన్న నిలవలేదు.

మళ్ళీ మంచం, మళ్ళీ అదే బాట, అదే డాక్టరు. ఆయన గాయంలో గుడ్డలు కుక్కి, కుట్టి, మళ్ళీ అదే మాట అన్నాడు. "నెత్తురు కావాలండి."

నేస్తం అప్పటికే చొక్కా చేయి పైకి మడిచి కూర్చున్నాడు. డాక్టరు గాజు పలక తీశాడు. అన్నకు స్పృహ ఉంది. పలక చూడగానే తల తిప్పాడు.

"అదెందుకు?"

"కలుస్తుందో లేదో ఒకసారి చూడాలండి."

"పోయినసారి సూసినవ్ గద."

"రకం మారదనుకోండి. అయినా..."

"నేస్తాన్ని మళ్ళ పలక మీద పెట్టి సూస్తవా డాక్టరూ? నా ఇంటి ముంగట పదిమందిల కట్టుకున్న నేస్తం. పలక పక్కన పెట్టు. లేకుంటే నాకు నెత్తురు వద్దు, ఏదీ వద్దు."

డాక్టరు నా వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు. అన్న పెదవులు తెల్లగా ఉన్నాయి. ఆ స్థితిలో ఆయన లేవడానికి ప్రయత్నించాడు. కుట్ల దగ్గర కట్టు ఎర్రబడింది. డాక్టరు పలక పక్కన పెట్టాడు. మా ఇంటి మనిషి ఆ మాట అనడం నాకు ఆ రోజు తప్పుగా తోచలేదు. ఈ రోజు కూడా దాన్ని తప్పు అనను. నేస్తాన్ని పరీక్ష పెట్టి బతకడం కంటే పెట్టకుండా చావడం మేలనుకునే ఇంట్లో ఆయన పుట్టాడు.

సీసా సగం కూడా కాకముందే మొదలైంది. ముందు చేయి మండుతోందన్నాడు. తర్వాత నడుము. "ఎవడ్రా నడుముల గునపం దించుతుండు?" అని అరిచాడు. ఒళ్ళంతా వణుకు పట్టింది. మంచం కోళ్ళు నేల మీద టకటకా కొట్టుకున్నాయి. నలుగురం పట్టుకున్నా ఆగలేదు. డాక్టరు గొట్టం లాగేశాడు. ఏవో సూదులు వేశాడు. చేతికి గుచ్చిన సూది తీయకుండానే నేస్తం అక్కడే కూర్చుని ఉన్నాడు. తన నెత్తురు ఇంకా సీసాలో ఉంది. దాని వైపే చూస్తూ ఉండిపోయాడు.

వణుకు ఆగింది. మర్నాడు అన్న కళ్ళు పసుపు పూసినట్టు పచ్చబడ్డాయి. ఒళ్ళూ పచ్చబడింది. మూత్రం ముదురు రంగులో కొంచెమే వచ్చింది, తర్వాత రాలేదు. మొహం ఉబ్బింది, కాళ్ళు ఉబ్బాయి. దవాఖానా వాకిట్లో కూలీలు, ఊళ్ళవాళ్ళు వచ్చి ఆ పచ్చటి మొహాన్ని చూసి నోరు మూసుకుని వెళ్ళేవారు. బయటకు వెళ్ళాక నోరు తెరిచేవారు. చిన్నాయన వాళ్ళ మధ్యలో కూర్చునేవాడు.

"మొదట వాని పుంజు నరికె. తర్వాత వాని నెత్తురు ఒంట్లకు పోయె. ఒక పాలి మంచిగ చేసి నమ్మిచ్చిండు, రెండో పాలి సంపుతుండు. గట్లనే చేస్తరు చేతబడిగాళ్ళు."

వినేవాళ్ళకు అది సరిగ్గా అతికింది. నేను వాళ్ళ స్థానంలో ఉంటే నాకూ అతికేదేమో. డాక్టరు ఎంత చెప్పినా, ఏమైందో ఆయనకే స్పష్టంగా తెలియదని అందరికీ కనిపించింది. "రకం ఒకటేనండి, మారే ప్రసక్తే లేదు, నాకు అర్థం కావడం లేదు," అని ఆయన తనలో తాను గొణుక్కునేవాడు.

చివరి రోజుల్లో అన్న ఇంటికి తీసుకుపొమ్మన్నాడు. తీసుకొచ్చాం. నేస్తం మంచం మోసినవాళ్ళలో ఒకడు. దారిలో అన్న ఒక్కసారి కళ్ళు తెరిచి, "నేస్తం ఉన్నడా?" అన్నాడు. "ఉన్న నేస్తం," అన్నాడాయన. అన్న మళ్ళీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున ప్రాణం పోయింది.

మధ్యాహ్నానికి ఆ స్తంభం.

నేను లోపల అన్న పక్కన కూర్చుని ఉన్నాను. బయట కేకలు విని వచ్చేసరికి నేస్తం గడ్డం మీదుగా నెత్తురు కారుతోంది. నేల మీద పళ్ళు. చిన్నాయన చేతిలో పొడుగాటి కర్ర. వెనక ఒకడి భుజం మీద గొడ్డలి.

"ఇగ నోరు పోయింది. తలకాయ ఒక్కటే బాకీ," అంటున్నాడు చిన్నాయన.

నేస్తం నన్ను చూశాడు. పళ్ళు లేని నోటితో ఒక్క మాట అడిగాడు. ప్రాణం అడగలేదు.

"నా నెత్తుట్ల ఏముంది చిన్నదొరా? ఏమున్నదని సచ్చిండు?"

నాకు తెలియదు. నాకు తెలిసింది ఒక్కటే: ఆ మధ్యాహ్నం నుంచి ఈ ఇంటికి దొరను నేను, చిన్నాయన కాదు.

ఇంటి మంగలి శవం దగ్గరి పనికి వచ్చి గోడవారగా ఒదిగి ఉన్నాడు. అతన్ని పిలిచాను. "మైల గొరుగుడు మొదలుపెట్టు. ముందు ఆయనకు, తర్వాత నాకు," అని స్తంభం చూపించాను.

గొడ్డలి పట్టుకున్నవాడు చిన్నాయన వైపు చూశాడు. మైల గొరిగించుకున్నవాడు ఇంటి కొడుకు కింద లెక్క. దినం అయ్యేదాకా అతని మీద చేయి పడితే ఇంటి కొడుకు మీద పడ్డట్టే. చిన్నాయనకు అది నాకంటే బాగా తెలుసు.

"గొరిగినవంటే నీ చేతులు నరుకుత," అన్నాడు మంగలితో.

మంగలి కత్తి మడిచి గోడకు ఇంకా ఒదిగాడు. నేను వెళ్ళి నేస్తం పక్కన, స్తంభానికి వీపు ఆనించి కూర్చున్నాను. "గొరుగు," అన్నాను.

కర్ర దిగింది. తల మీదకే వచ్చిందో, చివర్లో చిన్నాయనే చేయి మళ్ళించాడో తెలియదు. నా ఎడమ భుజం దగ్గర ఎముక విరిగింది. కళ్ళ ముందు తెల్లటి వెలుగు. నేను పడిపోలేదు. ఎందుకంటే నా వీపుకు ఆనుకుని ఆ స్తంభం ఉంది, వెనక్కి ఒరగాలన్నా చోటు లేదు. రెండోసారి కర్ర ఎత్తేలోపు అమ్మ వాకిట్లోకి వచ్చింది. విడిచిన జుట్టు, చేతిలో పొయ్యిలోంచి తీసిన కొరివి.

"కొట్టు మరిదీ. ఒక కొడుకు లోపల పండుకున్నడు, ఇంకొకణ్ణి పక్కన పండబెట్టు. ఆ మూడోవాణ్ణి గూడ. మూడు పాడెలు లేపి ఎవని మీద దొరతనం చేస్తవో చెయ్యి."

"వదినా, వాడు మన పిలగాణ్ణి సంపిండు!"

"వాడు సంపితే మందు తెచ్చి సంపేటోడు. చేయి కోసుకుని పోసి సంపుతడా? నీ నెత్తురు పలక మీద ఇరిగింది, అదే నీ కోపం. నాకు తెల్వదనుకున్నవా?"

కొరివిని ఆయన మొహం ముందుకు తెచ్చింది. మీసాలు కమిలిన వాసన వచ్చింది. చిన్నాయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క అడుగుతో గొడ్డలి భుజం మీదినుంచి దిగింది. మంగలి నీళ్ళు చల్లి నేస్తం తల గొరిగాడు. కట్లు విప్పకుండానే గొరిగాడు. తర్వాత నాది.

కట్లు విప్పాక, పాడె ముందు కుడి కొమ్ము ఆయన మోశాడు. ఎడమది నేను మోయాలి. విరిగిన భుజం మీద పెట్టుకోలేక కుడి భుజం మీదే పెట్టుకుని వంకరగా నడిచాను. ఆ ఎముక అలాగే అతుక్కుంది. మనిషి నిటారుగా ఉంటాడని నా గురించి చెబుతారు. ఎడమ భుజం సంగతి దగ్గరగా చూసినవాళ్ళకే తెలుసు.

ఆ రోజు నుంచి ఆయన నాకూ నేస్తమే. అందుకే పేరు రాయడం లేదు.

దినం అయ్యాక ఆయన ఊరు వదిలి జగర్గుండా వైపు వెళ్ళిపోయాడు. ప్రాణం మిగిలింది గానీ పేరు మిగల్లేదు. చిన్నాయన మాట ఆయన కంటే ముందే అక్కడికి చేరింది. ఆ తర్వాత ఏ బరిలోనూ ఆయనను కత్తి ముట్టనివ్వలేదు. కూతురికి సంబంధాలు రాలేదు. దూరాన, గోదావరి దాటి ఇవ్వాల్సి వచ్చింది. చిన్నాయన చనిపోయేదాకా మాట వెనక్కి తీసుకోలేదు. సంస్థానం పోయింది. ఇంటి పెంకులు అమ్ముడయ్యాయి. ఏనుగు స్తంభాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వలేదు, నేనే నరికి కాల్చాను. మిగిలిన పొలం నేనే దున్నుకున్నాను. ఎవరి దగ్గరా చేయి చాపలేదు.

చాలా ఏళ్ళకు నా చిన్న కూతురు కడుపుతో ఉంటే వరంగల్ తీసుకెళ్ళాను. లేడీ డాక్టరు రక్తం పరీక్ష చేసి, కూతురిది నెగెటివ్ గ్రూపు అంది. కాన్పు కాగానే ఒక ఇంజెక్షన్ తప్పనిసరి అంది. ఇంట్లో ఎవరికైనా రక్తం ఎక్కిస్తే వికటించిందా అని అడిగింది. నేను ఎవరికీ చెప్పనివి ఆమెకు చెప్పాను: పలక, మొదటిసారి, రెండోసారి, పచ్చబడ్డ కళ్ళు.

ఆమె కుర్చీ నా దగ్గరకు జరుపుకుంది. తర్వాత నిదానంగా వివరించింది. ఆ పలక మీద చూసే రకం ఒక్కటే కాదు, నెత్తురులో ఇంకో గుర్తు ఉంటుందట. చాలామందికి ఉంటుంది, కొందరికి ఉండదు. మా అన్నకు లేకపోయి ఉండాలి, నేస్తానికి ఉండి ఉండాలి. మొదటిసారి ఆ కొత్త నెత్తురు వచ్చినప్పుడు ఒళ్ళు ఏమీ చేయలేదు, కానీ గుర్తుపెట్టుకుంది. నెలల తరబడి లోపల ఆయుధాలు తయారు చేసుకుంది. అదే నెత్తురు రెండోసారి రాగానే మీద పడి చంపేసింది. ఆ ఎక్కించిన నెత్తురు చచ్చి విరిగిన చెత్త మూత్రపిండాలకు అడ్డం పడింది. "నెత్తురులో దోషం లేదండి. మీ అన్నగారి ఒళ్ళే కొట్టింది," అంది.

"పలక మీద మళ్ళీ చూసి ఉంటే?"

"ఆ రోజుల పరీక్షలో బహుశా కనిపించేది కాదు. కనిపించేదేమో కూడా. చెప్పలేను."

ఆ 'చెప్పలేను' నాకు ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలియదు. అది అలాగే ఉంది.

కూతురి కాన్పు బాగా జరిగింది. ఇంజెక్షన్ వేశారు. ఇంటికి రాగానే జగర్గుండా బయలుదేరాను. నేస్తం ముసలివాడయ్యాడు, చేను పక్కన మంచె కింద కూర్చుని ఉన్నాడు. ఆయన నన్ను అడిగిన ప్రశ్నకు ఇన్నేళ్ళకు జవాబు తెచ్చాను. అంతా చెప్పాను. విన్నాడు.

"అంటే, మా నేస్తం లోపల నన్ను కొట్టిండన్నట్టు."

"అవును."

"గుర్తుపట్టక కొట్టిండా?"

"గుర్తుపట్టే కొట్టాడు. అదే సంగతి."

పుల్లతో నేల మీద బరిలాగా ఒక గుండ్రం గీశాడు. "ఒక పాలి తలపడి ఇడిపోయిన పుంజుల్ని మళ్ళ దించితే గట్లనే ఉంటది. మొదటిపాలి సుట్టు తిరిగి సూసుకుంటయి. రెండోపాలి సూసుడు ఉండదు," అన్నాడు. తర్వాత తల ఎత్తాడు. గొంతు మారింది. "నాకెందుకు సెప్తున్నవ్ దొరా? నా నెత్తురు మంచిదని నాకు ఎరికె. బజార్ల సెప్పు. మీ ఇంటి నోటితోని పడ్డ మాట, మీ ఇంటి నోటితోనే తియ్యి."

అది బజారు రోజే. ఇద్దరం నడిచి వెళ్ళాం. బరి చుట్టూ జనం కిక్కిరిసి ఉన్నారు. నేను గట్టు ఎక్కి నిలబడి చేయి ఎత్తాను. ఒకప్పుడు మా ఇంటి మనిషి చేయి ఎత్తితే డప్పు ఆగేది.

"ఎవడీ ముసలోడు?"

"పాత దొరంట."

"ఇంకా ఉన్నరా దొరలు? సచ్చిపోయిండ్రనుకున్న!"

నవ్వులు. నేను దిగలేదు. తెలుగులో చెప్పాను, హల్బీలో చెప్పాను, వచ్చినంత గోండీలో చెప్పాను. ఈ మనిషి మా అన్నను చంపలేదని. మా అన్న ఒళ్ళే ఆ నెత్తురు మీద పడి కొట్టిందని. మా చిన్నాయన అన్నది అబద్ధమని, ఆ అబద్ధంతో మా వాకిట్లో ఈయన పళ్ళు రాలగొట్టారని. నేస్తం పక్కనే నిలబడి నోరు తెరిచి చూపించాడు. నవ్వులు తగ్గాయి. పూర్తిగా ఆగలేదు. ఒకడు డాక్టరు ఎవరని అడిగాడు, ఒకడు పందెం ఎప్పుడని అడిగాడు.

నేను దిగేసరికి డేగ పుంజును చంకలో పెట్టుకున్న ఒక నడివయసు మనిషి నేస్తం ముందు గొంతుకూర్చున్నాడు. పుంజు కాలు చాపి పట్టుకుని, కత్తీ దారమూ ఆయన చేతిలో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఆపలేదు.

నేస్తం దారం అందుకున్నాడు. మొదటి చుట్టు జారింది. విప్పి మళ్ళీ చుట్టాడు. మూడో చుట్టుకు వేళ్ళు దారి గుర్తుతెచ్చుకున్నాయి. ముడి వేసి, పళ్ళతో దారం తెంచబోయి, పళ్ళు లేవని గుర్తొచ్చి నా చేతికిచ్చాడు. నేను తెంచాను.

ఆ పుంజు మొదటి ఎగురులోనే రెండోదాని మెడ తెగ్గొట్టింది. అది పడి కొట్టుకుంటుంటే నెత్తురు చిమ్మి నా పంచె మీద, నా మొహం మీద పడింది. అప్పుడు చూసుకుంటే నేను గట్టు దాటి ఒక అడుగు లోపల నిలబడి ఉన్నాను.

నేస్తం నా విరిగిన భుజం పట్టి వెనక్కి లాగాడు.

"ఎనక్కి నిలబడుడు మీ ఇంట్ల ఒక్కనికీ రాదు," అన్నాడు.